లాక్ నెస్‌లో జనం చూస్తున్నదేమిటి?

స్కాట్లాండ్‌లోని లాక్ నెస్ సరస్సులో ఉందని చెప్పుకునే పొడవు మెడ రాక్షస జంతువు "నెస్సీ" కోసం 2023 ఆగస్టు 26, 27 తేదీల్లో మరోసారి గాలించారు. యాభై ఏళ్లలో ఇదే అతి పెద్ద గాలింపు అని నిర్వాహకులు ప్రకటించారు. వేడిని పసిగట్టే కెమెరాలతో డ్రోన్లు ఎగిరాయి. నీళ్ల అడుగు చప్పుళ్లు వినడానికి హైడ్రోఫోన్ దించారు. ఒడ్డు మీద కొందరు, ఇళ్లలో కంప్యూటర్ల ముందు మరికొందరు, మొత్తం వందల మంది కాపలా కాశారు. చివరికి చెప్పుకోడానికి మిగిలింది నాలుగు వింత శబ్దాలు. అవి వినిపించినప్పుడు రికార్డర్ ప్లగ్ పెట్టి లేదని నిర్వాహకులే ఒప్పుకున్నారు.

తొంభై ఏళ్లుగా వెతుకుతున్నా ఈ సంగతి ఎందుకు తేలడం లేదన్నది పాఠకులకు తరచూ వచ్చే సందేహం. నిజానికి చాలా భాగం ఎప్పుడో తేలిపోయింది. సరస్సులో జంతువు ఉందా అన్నది ఒక ప్రశ్న, అక్కడ జనం చూస్తున్నదేమిటన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలగాపులగం కావడం వల్లే తేలనట్టు కనిపిస్తోంది. మొదటిదానికి జవాబు జీవశాస్త్రంలో దొరుకుతుంది. రెండోదాని కోసం సరస్సు నీటి తీరునూ, 1930ల నాటి పత్రికలనూ, ఫొటోలనూ తిరగేయాలి.

సారాంశం: "నెస్సీ"గా పిలిచే జంతువు కనిపించిందన్న కథనాలు 1933లో ఒక్కసారిగా పుట్టుకొచ్చాయి. అంతకు ముందువని చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఆ తర్వాత గుర్తుచేసుకుని చెప్పినవే. పేరుమోసిన ఫొటోల్లో కొన్ని మోసాలని రుజువైంది. సోనార్ (నీళ్లలోకి శబ్దం పంపి ప్రతిధ్వనితో వెతికే పద్ధతి), డీఎన్‌ఏ పరీక్షలు పెద్ద జంతువు జాడ చూపలేదు. అయితే చూశామన్న వాళ్లందరూ అబద్ధాలకోరులు కారు. అలలు, పక్షులు, దుంగలు, ఎండమావులు కలిసి అక్కడ నిజంగానే వింత దృశ్యాలు పుట్టిస్తాయి.

సరస్సు తీరు

స్కాట్లాండ్ ఉత్తర భాగాన్ని కోసినట్టు సాగే గ్రేట్ గ్లెన్ అనే భూభ్రంశ రేఖ మీద ఈ సరస్సు ఉంది. పొడవు సుమారు 37 కిలోమీటర్లు, వెడల్పు చాలాచోట్ల ఒకటిన్నర కిలోమీటర్లే. లోతు మాత్రం దాదాపు 230 మీటర్లు. ఇంగ్లండ్, వేల్స్ సరస్సులన్నిటిలోని నీరు కలిపినా ఇందులోని నీటికి సాటిరాదు. చుట్టూ ఉన్న కొండల మీది పీట్ (సగం కుళ్లిన మొక్కల) నేలల నుంచి వచ్చే వాగులు నీటిని చిక్కటి డికాక్షన్ రంగుకు తెస్తాయి. కొన్ని మీటర్ల కింద ఏమీ కనిపించదు. నీళ్లు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. వేసవిలో పైన ముప్పై మీటర్ల మందం పొర కాస్త వెచ్చబడుతుంది, దాని కింద ఏడాది పొడవునా 5, 6 డిగ్రీలే.

సుమారు పదివేల ఏళ్ల కిందటి వరకూ ఈ లోయ మంచు కింద ఉండేది. కాబట్టి ఇక్కడున్న ప్రాణి ఏదైనా ఆ తర్వాత వచ్చిందే. డైనోసార్ల కాలం నాటి పొడవు మెడ సముద్ర జీవి ప్లీసియోసార్ ఒకటి ఇక్కడ చిక్కుపడి బతికి ఉందన్న ఊహకు ఇదే మొదటి అడ్డంకి. ఆ జాతి 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటే అంతరించింది. పైగా అది గాలి పీల్చే సరీసృపం, రోజూ ఎన్నోసార్లు పైకి రాక తప్పదు. ఒకే జంతువు వేల ఏళ్లు బతకదు గనక తరతరాలుగా ఒక మంద ఉండాలి. ఆ మందకు తిండి కావాలి. సరస్సులోని చేపల మొత్తం బరువు సుమారు 20 టన్నులని అంచనా. వేటాడి బతికే జంతువుల బరువు సాధారణంగా వాటి ఆహారం బరువులో పదో వంతు మించదు. అంటే మంద మొత్తానికి రెండు టన్నులు. చెప్పుకునే ఆకారాన్ని బట్టి చూస్తే ఒక్క జంతువుకైనా అది చాలకపోవచ్చు.

ఆరో శతాబ్దపు సాధువు

నెస్సీ చరిత్రను క్రీ.శ. 565తో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఐర్లండ్ నుంచి వచ్చిన సాధువు కొలంబా నెస్ నది దాటబోతుండగా, నీటిమృగం కరిచి చనిపోయిన మనిషిని స్థానికులు పాతిపెడుతున్నారట. కొలంబా తన శిష్యుణ్ణి నదిలో ఈదమన్నాడు. మృగం పైకి రాగానే శిలువ గుర్తు వేసి వెనక్కి పొమ్మని ఆజ్ఞాపించాడు. తాళ్లు కట్టి లాగినట్టు అది వెనక్కి పోయిందని కథ.

దీన్ని ప్రత్యక్ష సాక్ష్యంగా తీసుకోలేం. కథ రాసిన అడామ్నాన్ దాదాపు వందేళ్ల తర్వాతివాడు. సాధువు మహిమలు చాటడమే ఆ గ్రంథం పని. ఆ కాలపు సాధువుల చరిత్రల్లో క్రూరమృగాలను మాటతో లొంగదీసే ఘట్టాలు కొల్లలు. అదీకాక సంఘటన జరిగింది నదిలో, సరస్సులో కాదు. స్కాట్లాండ్ జానపదంలో కెల్పీ అనే జలపిశాచం కూడా ఉంది. గుర్రం రూపంలో ఒడ్డున నిలబడి, ఎక్కినవాళ్లను నీళ్లలోకి లాక్కుపోతుందంటారు. అలాంటి కథలు ఆ దేశంలో చాలా సరస్సులకు ఉన్నాయి. లాక్ నెస్‌కు ఒక్కదానికే ఉన్న పరంపరగా దీన్ని చూపడం 1933 తర్వాత వెనక్కి వెళ్లి అతికించిన పని.

పందొమ్మిదో శతాబ్దపు సాక్ష్యాల పరిస్థితీ అంతే. డి. మెకంజీ అనే వ్యక్తి 1870ల ఆరంభంలో బోర్లించిన పడవలాంటిదేదో నీటిని చిలుకుతూ పోవడం చూశానన్నాడు. ఆ సంగతి ఉత్తరంలో రాసింది 1934లో, అరవై ఏళ్ల తర్వాత. ఈ మధ్యకాలంలో ఆ నీటి మీద మనుషులు లేరా అంటే, పుష్కలంగా ఉన్నారు. సరస్సును కలుపుతూ సాగే కాలిడోనియన్ కాలువ 1822లో తెరుచుకుంది. ఆవిరి పడవలు పర్యాటకులను మోసుకు తిరిగాయి. 1903-04లో సర్ జాన్ మరే బృందం లోతులు కొలుస్తూ సరస్సంతా తిరిగింది. ఇంతమందిలో ఎవరూ పొడవు మెడ జంతువు గురించి అప్పట్లో రాయలేదు.

1933లో ఏం మారింది

ఈ మలుపును వివరించడానికి అందరూ చెప్పేది రోడ్డు. ఆ రోజుల్లో సరస్సు ఉత్తరపు ఒడ్డున కొత్త రోడ్డు వేశారు. బండలు పేల్చారు, చెట్లు నరికారు, కారులో పోతూ నీళ్లు చూసే వీలు కలిగింది. నమ్మేవాళ్లు పేలుళ్లకు జంతువు బెదిరి పైకొచ్చిందంటారు. నమ్మనివాళ్లు చూసే కళ్లు పెరిగాయంటారు. రెండు పక్షాలకూ అక్కరకొచ్చే వాదన గనకే అది ఇంతకాలం నిలిచింది. కానీ వందేళ్లుగా పడవల్లో వెళ్లినవాళ్లకు కనిపించనిది రోడ్డు మీది వాళ్లకే కనిపించడానికి రోడ్డు ఒక్కటే చాలదు. రోడ్డు కంటే పత్రికల పాత్ర పెద్దదని తేదీలు చూస్తే తెలుస్తుంది.

1933 మే 2న ఇన్వర్నెస్ కొరియర్‌లో ఒక చిన్న వార్త వచ్చింది. కారులో వెళ్తున్న స్థానిక దంపతుల్లో భార్యకు నీళ్ల మధ్యలో తిమింగలంలాంటి శరీరం కనిపించిందనీ, చుట్టూ నీరు కుతకుతలాడిందనీ అందులో ఉంది. పొడవు మెడ ప్రస్తావన లేదు. వార్త రాసిన అలెక్స్ క్యాంప్‌బెల్ సరస్సు మీద చేపల వేటను పర్యవేక్షించే ఉద్యోగి, ఆ పత్రికకు విలేకరి కూడా. ఆయనే ఆ శరదృతువులో తానూ ఆ జంతువును చూశానన్నాడు. కొద్ది రోజులకు, తాను చూసింది పొగమంచులో పెద్దగా కనిపించిన నీటికాకులని తన పైఅధికారులకు ఉత్తరం రాశాడు. దశాబ్దాల తర్వాత మళ్లీ మొదటి కథే చెప్పుకొచ్చాడు. ఈ మొత్తం చరిత్రలో ఇంతకంటే ఉపయోగపడే సాక్షి లేడు: సరస్సు పక్కనే బతికిన మనిషి, నీళ్లూ పక్షులూ రోజూ చూసేవాడు కూడా పొరబడగలడని ఆయన ఉత్తరం చెబుతుంది. సరిదిద్దుకున్న సంగతి మరుగునపడి మొదటి కథే మిగలడం మరో విశేషం.

మెడ వచ్చింది ఆ వేసవిలో. జులై 22న జార్జ్ స్పైసర్ దంపతులు ఒక వింత జంతువు తమ కారు ముందు రోడ్డు దాటిందన్నారు. ఆగస్టులో కొరియర్ అచ్చువేసిన లేఖలో స్పైసర్ దాన్ని డ్రాగన్‌తో, చరిత్రపూర్వ జంతువుతో పోల్చాడు. ఆ ఏడాదే లండన్‌లో "కింగ్ కాంగ్" సినిమా ఆడుతోంది, అందులో పొడవు మెడ డైనోసార్ నీళ్లలోంచి లేచి మనుషుల్ని తరిమే ఘట్టం ఉంది. ఆ సినిమా చూశానని స్పైసర్ తర్వాత ఒప్పుకున్నాడు. అతను మొదట చెప్పిన పొడవు తర్వాతి వివరణల్లో కొన్ని రెట్లు పెరిగింది. నమ్మకస్తుడైన సాక్షి జ్ఞాపకంలోనూ ఇలా జరగవచ్చు. అతను అబద్ధమాడాడని దీనివల్ల రుజువు కాదు, కొలతగా మాత్రం అది పనికిరాదు.

సముద్రసర్పాల కథనాలపై 2019లో చార్లెస్ పాక్స్టన్, డారెన్ నేయిష్ చేసిన గణాంక పరిశీలన కూడా ఇలాంటిదే చూపింది. పందొమ్మిదో శతాబ్దంలో ప్లీసియోసార్ శిలాజాలు ప్రచారంలోకి వచ్చాక, నావికులు చెప్పే సముద్ర మృగాలకు పాములాంటి ఒళ్లు తగ్గుతూ, పొడవు మెడ పెరుగుతూ వచ్చింది. విచిత్రమేమంటే ఆ మెడ నిజమైన ప్లీసియోసార్‌కే కుదరదు. మెడ ఎముకల నిర్మాణాన్ని బట్టి అది హంసలా మెడ నిలబెట్టలేదని లెస్లీ నో అనే పరిశోధకుడు 2006లో చెప్పాడు.

1933 చివరికి లండన్ పత్రికలు విలేకరులను పంపాయి. బెర్‌ట్రమ్ మిల్స్ సర్కస్ ప్రాణాలతో పట్టి తెచ్చినవారికి 20,000 పౌండ్లు ఇస్తామంది. 1938లో ఇన్వర్నెస్‌షైర్ పోలీసు అధిపతి విలియం ఫ్రేజర్ ఆ జంతువు ఉందనడంలో సందేహం లేదనీ, వేటగాళ్ల నుంచి దాన్ని కాపాడగలమో లేదో అన్నదే బెంగ అనీ ప్రభుత్వానికి రాశాడు. ఐదేళ్లలో ఒక స్థానిక వార్త పోలీసు దస్త్రం దాకా వచ్చింది.

నీటిగుర్రం కాలు, బొమ్మ జలాంతర్గామి

డెయిలీ మెయిల్ పత్రిక 1933 డిసెంబరులో మార్మడ్యూక్ వెథరెల్ అనే వేటగాణ్ణి నియమించింది. ఆయన రోజుల వ్యవధిలోనే ఒడ్డున తాజా పాదముద్రలు కనిపెట్టాడు. అచ్చులు తీసి లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంకు పంపితే, అవి ఎండబెట్టిన నీటిగుర్రం (హిప్పోపొటమస్) కాలితో వేసిన గుర్తులని జనవరిలో తేలింది. అన్నీ ఒకే కాలివి. వెథరెల్ నవ్వులపాలయ్యాడు.

మూడు నెలలు తిరిగేసరికి, 1934 ఏప్రిల్ 21న, అదే పత్రిక "సర్జన్ ఫొటో"గా పేరొందిన చిత్రం అచ్చువేసింది. లండన్ డాక్టర్ రాబర్ట్ కెన్నెత్ విల్సన్ తీశాడన్న ఆ ఫొటోలో నీళ్లలోంచి నిలువుగా లేచిన మెడ, చిన్న తల ఉంటాయి. ఇప్పటికీ నెస్సీ అనగానే గుర్తొచ్చేది ఆ నీడే. వెథరెల్ సవతి కొడుకు క్రిస్టియన్ స్పర్లింగ్ తన చివరి రోజుల్లో గుట్టు విప్పాడు, 1994లో అది లోకానికి తెలిసింది. అంగట్లో కొన్న బొమ్మ జలాంతర్గామి మీద చెక్కపొడి ముద్దతో మెడ చేసి, నీళ్లలో తేలేసి తీసిన ఫొటో అది. పరువున్న డాక్టరు పేరు వాడుకుంటే జనం నమ్ముతారని ఆయన ద్వారా పంపించారు. అచ్చయిన ఫొటో దగ్గరగా కత్తిరించినది. కత్తిరించని ప్రతిలో చుట్టూ ఉన్న అలల పరిమాణాన్ని చూస్తే ఆ మెడ ఎంత చిన్నదో తెలిసిపోతుంది. అరవై ఏళ్లపాటు చాలామందికి ఆ పూర్తి ప్రతి చూసే అవకాశమే రాలేదు.

1951లో లాక్లన్ స్టూవర్ట్ ఫొటోలోని మూడు మూపురాలు గడ్డి మోపులని తర్వాత బయటపడింది. 1960లో టిమ్ డిన్స్‌డేల్ తీసిన ఫిల్మ్ వేరే కోవది, అందులో మోసం లేదు. 1966లో బ్రిటిష్ వాయుసేన ఫొటో విశ్లేషకులు కూడా అందులో కదిలేది బహుశా ప్రాణి కావచ్చన్నారు. ఫిల్మును తర్వాత మెరుగుపరిచి చూసినవాళ్లలో చాలామందికి కనిపించింది పడవ.

1972లో అమెరికన్ రాబర్ట్ రైన్స్ బృందం నీటి అడుగున తీసిన "తెడ్డు" (ఈదే జంతువు తెడ్డులాంటి కాలు అనుకున్న ఆకారం) ఫొటోల కథ ఇంకా చిక్కు. వాటిని నమ్మిన ప్రకృతి పరిశోధకుడు సర్ పీటర్ స్కాట్ రైన్స్‌తో కలిసి 1975 డిసెంబరులో నేచర్ పత్రికలో ఆ జంతువుకు నెస్సిటెరాస్ రాంబోప్టెరిక్స్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. చట్టప్రకారం రక్షణ కల్పించాలంటే పేరుండాలన్నది ఆలోచన. తీరా చూస్తే, పత్రికల్లో వచ్చిన తెడ్డు చిత్రం కంప్యూటర్ సవరణ దాటి చేతితో దిద్దినదన్న వాదన బలపడింది. అసలు చిత్రంలో మసక తప్ప పెద్దగా ఏమీ లేదు.

సోనార్ నుంచి డీఎన్‌ఏ దాకా

నీళ్ల పైన చూడటం లాభం లేదని తేలాక వెతుకులాట అడుగుకు మళ్లింది. 1987 అక్టోబరులో ఆపరేషన్ డీప్‌స్కాన్ పేరిట 24 పడవలు వరుసగా నిలిచి, సోనార్ తెరలాగా సరస్సును ఊడ్చాయి. వెంటనే వివరించలేని ప్రతిధ్వనులు మూడు దొరికాయి. సీల్ కావచ్చు, చేపల గుంపు కావచ్చు, ఒడ్డుల నుంచి తిరిగొచ్చిన శబ్దమూ కావచ్చు. 2003లో బీబీసీ 600 సోనార్ కిరణాలతో అంచు నుంచి అంచు దాకా చూసింది. పెద్ద జంతువేదీ లేదు. అదే కార్యక్రమంలో నీళ్లలో దాచిన ఒక కంచె గుంజను పర్యాటకుల ముందు పైకి లేపి, చూసింది గీయమన్నారు. కొందరు మృగం తలలు గీశారు. సోనార్ ఫలితం కంటే ఆ బొమ్మలు చెప్పేదే ఎక్కువ.

2016లో నార్వే సంస్థ కాంగ్స్‌బర్గ్ యంత్రం సరస్సు అడుగున 9 మీటర్ల నెస్సీ ఆకారాన్ని కనిపెట్టింది. అది 1969లో ఒక షెర్లాక్ హోమ్స్ సినిమా షూటింగ్‌లో మునిగిపోయిన బొమ్మ.

అన్నిటికంటే గట్టి పరీక్ష 2018లో జరిగింది. ప్రతి ప్రాణీ చర్మం, మలం, జిగురు రూపంలో తన డీఎన్‌ఏను నీళ్లలో వదులుతుంది. న్యూజిలాండ్ శాస్త్రవేత్త నీల్ జెమెల్ బృందం వేర్వేరు చోట్ల, లోతుల్లో సుమారు 250 నీటి నమూనాలు తీసింది. 2019 సెప్టెంబరులో ఫలితాలు ప్రకటించారు. సరీసృపాల డీఎన్‌ఏ లేనే లేదు. సొరచేప, స్టర్జియన్, పెద్ద క్యాట్‌ఫిష్ కూడా లేవు. దాదాపు ప్రతిచోటా దొరికింది మలుగుపాముల (పాములా ఉండే ఈల్ చేపల) డీఎన్‌ఏ. దాంతో "నెస్సీ రాక్షస మలుగుపామా?" అన్న శీర్షికలు లోకమంతా పాకాయి. డీఎన్‌ఏ జాతిని చెబుతుంది గానీ పరిమాణం చెప్పదు, అందుకే జెమెల్ ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేదు. 2023లో పరిశోధకుడు ఫ్లో ఫాక్సన్, పట్టుబడిన మలుగుపాముల కొలతల ఆధారంగా లెక్కకట్టాడు. ఇక్కడ మీటరు పొడవున్న మలుగుపాము దొరికే అవకాశం సుమారు 50,000లో ఒకటి. ఆరు మీటర్లది దాదాపు శూన్యం.

నీళ్లు చూపే దృశ్యాలు

మరి జనం చూసేదేమిటి? ఒకే జవాబు లేదు, ఉండాల్సిన పనీ లేదు. ఇందులో ఎక్కువ పనిచేసేది పడవల అలలు. రాతిమెట్ల కోనేరులో రాయి వేస్తే అల మెట్లకు తగిలి వెనక్కొచ్చి ఎదురొచ్చే అలతో ఢీకొన్నట్టు, ఇక్కడి నిటారు ఒడ్డుల మధ్య పడవ వదిలిన అలలు తిరిగి మధ్యకు వస్తాయి. రెండు కలిసినచోట నీరు మూపురాల్లా వరసగా లేస్తుంది. ఈలోగా పడవ మలుపు తిరిగి కనుమరుగై ఉంటుంది. గాలి లేని రోజున అద్దంలాంటి నీటి మీద, పడవ లేదు, గాలి లేదు, అయినా మూడు నల్లని మూపురాలు కదులుతాయి. అది భ్రమ కాదు, కళ్ల ముందు జరిగేదే. దానికి అంటించిన పేరే తప్పు.

గాలికి ఎదురుగా పోయే వస్తువులది మరో కథ. వేసవిలో పైన వెచ్చని పొర, కింద చల్లని పొర ఏర్పడతాయని చెప్పుకున్నాం. నైరుతి గాలి వెచ్చని నీటిని ఒక కొసకు నెడుతుంది. గాలి ఆగగానే రెండు పొరల మధ్య సరిహద్దు ఊయలలా అటూ ఇటూ ఊగుతుంది. దీన్ని శాస్త్రజ్ఞులు అంతర్గత సేష్ అంటారు. దాన్ని గుర్తించింది ఈ సరస్సులోనే, 1903 ప్రాంతంలో. పైన నీరు ప్రశాంతంగా ఉన్నా కింది ప్రవాహం తేలే దుంగను గాలికి ఎదురు లాక్కుపోగలదు. ఒడ్డునున్నవాడికి అది తనంతట ఈదే ప్రాణిలా తోస్తుంది.

చల్లని నీటి మీద వెచ్చని గాలి పరుచుకున్నప్పుడు కాంతి వంగి ఎండమావులు పుడతాయి. నీటి మీది కొమ్మ, పక్షి మెడ నిలువుగా సాగి స్తంభాల్లా కనిపిస్తాయి. సరస్సు మృగాల కథనాలకు ఈ వక్రీభవనం ఒక కారణమని వాల్డెమార్ లెన్ 1979లో సైన్స్ పత్రికలో వివరించాడు. ఇక నీటికుక్కలు, ఈదుతూ అవతలికి పోయే దుప్పులు, బారులు తీరే బాతులు, అప్పుడప్పుడు నెస్ నది గుండా సముద్రం నుంచి వచ్చే సీల్‌లు ఉండనే ఉన్నాయి.

వీటన్నిటినీ పెద్దవి చేసేది దూరం. విశాలమైన నీటి మీద కొలవడానికి చెట్టో స్తంభమో ఉండదు. 200 మీటర్ల దూరంలోని పక్షిని 800 మీటర్ల దూరంలో ఉందనుకుంటే దాని పరిమాణం మనసులో నాలుగింతలవుతుంది. సాక్షుల కొలతలు ఒకదానికొకటి పొసగకపోవడానికి ఇది పెద్ద కారణం.

ఇతర దేశాల పోలిక

ఇవే పరిస్థితులున్నచోట ఇవే కథలున్నాయి. కెనడాలో ఓకనాగన్ సరస్సుకు ఓగోపోగో, అమెరికా-కెనడా సరిహద్దులోని షాంప్లేన్‌కు చాంప్, స్వీడన్‌లో స్టోర్‌షోన్ సరస్సుకు ఒక మృగం. మూడూ పొడవాటి, చల్లని, లోతైన నీళ్లే. స్వీడన్ కథ 1635 నాటి రాతలోనే ఉంది. 1894లో దాన్ని పట్టడానికి ఒక కంపెనీయే పెట్టారు. 1986లో స్థానిక పాలనాయంత్రాంగం మృగానికీ దాని పిల్లలకూ గూటికీ చట్టరక్షణ కల్పించి, 2005లో ఎత్తేసింది. లాక్ నెస్‌ను వీటన్నిటికంటే ముందు నిలబెట్టింది లండన్ పత్రికలూ, ఆ సర్జన్ ఫొటో ఒక్కటీ.

ఇకముందు

లాక్ నెస్ కథనాలను నమోదుచేసే జాబితాలో ఇప్పటికి 1,100కు పైగా ఉన్నాయి, ఏటా కొత్తవి చేరుతున్నాయి. ఇంట్లో కూర్చుని వెబ్‌క్యామ్‌లో చూసి పంపినవీ అందులో ఉన్నాయి. పర్యాటకులు, పడవలు తగ్గే సూచన లేదు. పడవలున్నంతకాలం అలలూ ఉంటాయి గనక కథనాలు ఆగవు. ఫోన్ కెమెరాలు పెరిగినా స్పష్టమైన చిత్రం రాకపోవడం మాత్రం ఏడాదికేడాది బరువైన సాక్ష్యంగా మారుతోంది. 1930ల్లో కెమెరా ఉన్నవాళ్లు కొద్దిమంది, ఇప్పుడు ఒడ్డున నిలబడే ప్రతి జేబులోనూ ఒకటుంది.

అయినా అధికారులు ఒక జాగ్రత్త తీసుకున్నారు. స్కాట్లాండ్ ప్రకృతి పరిరక్షణ సంస్థ 2001లో, కొంత సరదాగా, కొంత సీరియస్‌గా, ఒక నియమావళి తయారుచేసింది. సరస్సులో కొత్త జాతి ఏదైనా దొరికితే డీఎన్‌ఏ నమూనా తీసుకుని, దాన్ని తిరిగి నీళ్లలో వదిలిపెట్టాలన్నది అందులోని నిబంధన.